బోరు నీళ్లకు రెండు నిమ్మచుక్కలు

చేతివేళ్లు

మా అమ్మ బతికున్నన్నాళ్లూ నా కుడిచేయి చూసి మొహం పక్కకు తిప్పుకునేది. బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ ఊదారంగులోనే ఉండేవి. గోళ్ల అంచుల్లో ల్యాబులో వాడే ఫుక్సిన్ రంగు ఎరుపు. సబ్బుకు పోదు, కిరసనాయిలుకూ పోదు. "మన ఇంట్ల పుట్టినోని చేతులు అద్దకపోల్ల చేతులోలె ఆయె," అనేది.  ఆ రంగు చూస్తే నాకు లోపల సంతోషంగానే ఉండేది.

మా ఇల్లంటే రామన్నపేట దిక్కున ఒక ఊళ్లో ఒకప్పటి పెద్ద ఇల్లు. పంచాయితీకి వచ్చినవాళ్లు మా తాత ఒక మాట అన్నాక మళ్లీ నోరెత్తేవారు కాదట. నేను పుట్టేనాటికే భూములు పోయాయి. నేను బడికి పోయేనాటికి గుర్రాల కొట్టం కూలింది. నా వంతుకు మిగిలినవి ఇంటిపేరు, నడుము నిటారుగా పెట్టుకుని కూర్చునే అలవాటు, అన్న మాట వెనక్కి తీసుకోకపోవడం. నిటారుగా కూర్చోవడం మైక్రోస్కోప్ ముందు పనికొచ్చింది. ముప్పై ఏళ్లు గంటల తరబడి కూర్చున్నా నాకు మెడనొప్పి రాలేదు. మూడోది ఏం చేసిందో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు రాస్తున్నాను.

కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు చదువుతారని నా ఆశ. నాకు ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఎవరు ఏ ఫైలు ఆపారు అన్న సంగతులు మీకు అక్కరలేదు. రంగుల గురించి చెబుతాను.

ఖాదర్ సాబ్ బల్ల

నాకు పని నేర్పింది మహబూబ్‌నగర్‌లో ఖాదర్ సాబ్ అనే పాత టెక్నీషియన్. మనిషి పొట్టి. తెల్లకోటు జేబులో పాన్‌డబ్బా. ఆయన బల్ల మీద నాలుగు సీసాలు సైజువారీగా, మూతలు ఒకే దిక్కు తిరిగి ఉండేవి. ఎవరైనా సీసా తీసి కొంచెం వంకరగా పెడితే చాలు, పని ఆపి దాన్ని సరిచేసి గానీ మాట్లాడేవారు కాదు.

గాజు మీద సూక్ష్మజీవి ఉన్నా కనబడదు. నీళ్లలో నీటిబొట్టు లాంటిది. రంగు పట్టిస్తేనే అది బయటపడుతుంది. చీములో ఉన్నది ఏ జాతిదో తెలుసుకోవడానికి గ్రామ్ పద్ధతి ఉంది. ముందు ఊదారంగు, తరవాత అయోడిన్, తరవాత స్పిరిటుతో కడగడం, చివర గులాబీరంగు. స్పిరిటు పడ్డాక కూడా ఊదాను పట్టుకుని ఉండేవి ఒక జాతి. వదిలేసి గులాబీ ఎక్కేవి ఇంకో జాతి. చదవడానికి ఇంతే. పని మొత్తం ఆ స్పిరిటు పోసే కొన్ని సెకన్లలో ఉంటుంది.

చేరిన రెండో వారంలో నేను స్పిరిటు ఎక్కువసేపు పోశాను. ఊదాగా ఉండాల్సినవన్నీ గులాబీ అయ్యాయి. గర్వంగా తీసుకుపోయి చూపించాను. ఖాదర్ సాబ్ కంటి గొట్టంలోంచి చూసి తల ఎత్తకుండానే అన్నారు.

"ఏమయ్యా దొరబిడ్డా, బట్టలు ఉతికినట్టు ఉతికినవ్ గదా."

"రంగు బాగనే పోసిన సార్."

"రంగు ఎవడైనా పోస్తడు బేటా. ఎప్పుడు కడగాల్నో తెల్సినోడు టెక్నీషియన్."

ఆ తరవాత ఆయన రెండు సంగతులు చెప్పారు. రోగి స్లైడు పక్కన ఎప్పుడూ నీకు తెలిసిన స్లైడు ఒకటి పెట్టుకుని రెంటికీ ఒకేసారి రంగు వేయి. తెలిసిందే తప్పు రంగు చూపిస్తే తెలియనిదాని మాట నమ్మకు. రక్తం స్లైడైతే మలేరియా పురుగు కోసం వెతికే ముందు ఒక తెల్లకణాన్ని చూడు. దాని కేంద్రకం చక్కని ఊదాలో లేకపోతే ఆ స్లైడు పారేయి. ఇవి రాసుకోమని ఆయన చెప్పలేదు. నేనూ రాసుకోలేదు, గుర్తుంటాయిలే అనుకున్నాను.

ఆవిరి, ఆసిడ్, నీలం

టీబీ స్లైళ్లు చేసిన రోజులే నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. తెమడ పూసిన గాజుపలక మీద ఎర్రటి ఫుక్సిన్ పోసి కింద స్పిరిటు దీపం ఆడించాలి. ఆవిరి లేవాలి, ఉడకకూడదు. ఆవిరి లేచినప్పుడు వచ్చే కార్బాలిక్ వాసన నాకు ఇష్టం. దసరా రోజు మా ఇంట్లో ఆయుధపూజకు వేసే సాంబ్రాణి కన్నా అదే ఎక్కువ ఇష్టం అంటే మా ఆవిడ నవ్వేది. తరవాత ఆసిడ్ పోస్తే అన్నింటి ఎరుపూ కొట్టుకుపోతుంది. టీబీ క్రిమి ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది కాబట్టి అది మాత్రం ఎరుపు వదలదు. ఆఖరుకు నీలం. నీలాకాశంలో ఎర్రటి సన్నని పుల్లలు. మొదటిసారి చూసినప్పుడు ఆ అందానికి నోరు తెరిచాను. ఆ పుల్లలు ఒక మనిషి ఊపిరితిత్తుల్లోవని ఒక క్షణం తరవాత గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఇప్పుడు టీబీకి డబ్బాలాంటి యంత్రం ఉంది. తెమడ పోసి మూత వేస్తే తెర మీద జవాబు వస్తుంది, మందు పనిచేస్తుందో లేదో కూడా చెబుతుంది. నేను చూడలేని క్రిములను అది చూస్తుంది. యంత్రం మీద నాకు కోపం లేదు. ఆ ఆవిరి వాసన మాత్రం మీకు దొరకదు, అంతే.

నిమ్మకాయ

ఇక నీళ్ల సంగతి. రక్తం స్లైడుకు మేము వాడేది లీష్మన్ రంగు. పలుచగా పూసిన రక్తం మీద రంగు పోసి రెండు నిమిషాలాగి, దానికి రెండింతల నీళ్లు కలిపి పది నిమిషాలు ఉంచాలి. ఆ నీళ్లలో క్షారం ఎక్కువైతే అంతా నీలిముద్ద అవుతుంది. పులుపు ఎక్కువైతే నీలం పట్టనే పట్టదు, అంతా గులాబీ అవుతుంది. మలేరియా పురుగు ఒంటికి పట్టేది ఆ నీలమే. అది పట్టకపోతే పురుగు ఎదురుగా ఉన్నా కనబడదు.

పని నేర్చుకున్నాక నన్ను మా నల్లగొండ జిల్లాలోనే ఒక ఆరోగ్య కేంద్రానికి వేశారు. ఇక్కడి బోరు నీళ్లు ఎట్లాంటివో వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు వంగిన కాళ్లు, గారపట్టిన పళ్లు చూస్తూనే పెరిగాం. ఆ నీళ్లు పోస్తే నా స్లైళ్లన్నీ నీలిముద్దలే. శుద్ధి చేసిన నీళ్లు ఒక నెల వచ్చేవి, రెండు నెలలు రాకపోయేవి. నేను నకిరేకల్ నిమ్మకాయ ఒకటి కోసి, నూరు మిల్లీలీటర్ల సీసా బోరు నీళ్లలో రెండు చుక్కలు పిండి చూశాను. స్లైడు అద్దంలా వచ్చింది. ఎర్రకణాలు లేత గులాబీ, తెల్లకణాలు ఊదా, పురుగు ఉంటే నీలి ఉంగరం, దాని మీద ఎర్రచుక్క. జిల్లా నుంచి తనిఖీకి వచ్చినవాళ్లు ఇంత మంచి స్లైళ్లు ఎట్లా వస్తున్నాయని అడిగారు. నేను చెప్పలేదు. అది నా చేతిగుణం అని వాళ్లు అనుకోవడం నాకు నచ్చింది.

తరవాత నీళ్లను సరిచేసే బఫర్ మాత్రలు సరఫరా అయ్యాయి. సొరుగులో పడేశాను. ఆ డబ్బా సీలు కూడా తీయలేదు.

నల్లా నీళ్లు

తెలంగాణ వచ్చాక కొన్నేళ్లకు మా ఆరోగ్య కేంద్రానికి కృష్ణ నీళ్లు వచ్చాయి. నల్లా తిప్పితే తియ్యటి నీళ్లు. ఆ మొదటిరోజు ఆయమ్మ చెంబు పట్టుకుని అందరికీ తలా గుక్కెడు పోసింది. మా డాక్టరమ్మ కళ్లు తుడుచుకోవడం చూశాను. ఆమెదీ ఈ జిల్లానే. నేనూ తాగాను. మా నాయన ఈ నీళ్లు తాగి ఉంటే ఆఖరి పదేళ్లు కర్ర పట్టుకుని నడిచేవాడు కాదనుకున్నాను.

ఆనాటి నుంచి నా సీసాలో బోరు నీళ్లకు బదులు నల్లా నీళ్లు పడ్డాయి. నిమ్మచుక్కలు మాత్రం రెండే. అలవాటుగా, ఆలోచించకుండా.

అప్పటికి మా ల్యాబులో సునీత చేరి ఏడాది. ఆమె తాత మా పొలాల్లో పనిచేసినవాడు, తండ్రి బస్సు కండక్టరు. ఆమె డిప్లొమాలో జిల్లాలోనే ముందు వచ్చిన పిల్ల. ఈ వరస ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నీళ్లు వచ్చిన ఏడో వారం కొమురయ్య అనే గొర్లకాపరిని అతని భార్య లచ్చమ్మ తీసుకొచ్చింది. మనిషి గొంగడి కప్పుకుని ఎండలో కూర్చుని వణుకుతున్నాడు. అప్పటికప్పుడు చూసే మలేరియా కిట్లు ఆ వారం అయిపోయాయి. నేనే వేలు పొడిచి రెండు స్లైళ్లు తీసి, ఒకదానికి రంగు వేసి చూసి, మలేరియా లేదని రాసి సంతకం పెట్టాను. లచ్చమ్మ కాగితం పట్టుకుని కదలలేదు.

"ఏం లేదంటిరి సారూ. మరి గింతగనం ఎందుకు వణుకుతాండు?"

"ఉట్టి జరం కావచ్చమ్మా. మలేరియా అయితే లేదు."

"మంద తోలుకొని అమ్రాబాదు అడవిల మూన్నెల్లుండి వచ్చిండు. ఆడికి పోయినోళ్లకు వచ్చే జరమే గిది. మాకు ఎరుకే."

"నీకు ఎరుకైతే దవాఖానకు ఎందుకొచ్చినవ్?"

ఆమె నా మొహంలోకి చూసింది. కోపం లేదు.

"మాకు ఎరుకైతే ఏం లాభం దొరా. కాయితం మీద మీకు ఎరుక కావాలె గద."

ఆమె మొగుణ్ని లేపుకుని బయటి వేపచెట్టు కిందికి నడిపించింది. సునీత ఈలోపు నా స్లైడు చూస్తోంది.

"సార్, కణాలు జర ఎక్కువ గులాబీగున్నయి. బఫర్ తోటి రెండోది వేద్దామా?"

"నేను సర్వీసుల చేరినప్పుడు నువ్వు పుట్టనే లేవు, సునీతా."

"అవును సార్," అంది ఆమె, సీసా మూత బిగిస్తూ. "గీ నీళ్లు సుత అప్పుడు లేవు."

సీసా పక్కన పెట్టి భోజనానికి పోయింది.

నేను అన్నం డబ్బా విప్పలేదు.  ఆమెను తప్పు పట్టడానికే మళ్లీ స్లైడు కింద పెట్టాను. తెల్లకణం ఒకటి వెతికి పట్టుకున్నాను. దాని కేంద్రకం ఊదాగా లేదు. ఉతికి ఉతికి వెలిసిన చీర అంచులా ఉంది. ఖాదర్ సాబ్ చెప్పినట్టు పారేయాల్సిన స్లైడు అది. దాన్ని చూసే నేను ఆ కాగితం మీద సంతకం పెట్టాను.

మూత్రపరీక్ష పట్టీలో పులుపును చూపే గడి ఒకటి ఉంటుంది. నా సీసాలో ముంచాను. నారింజరంగుకు తిరిగింది, అంటే పులుపు ఎక్కువ. వెనక పాత బోరు నుంచి నీళ్లు పట్టుకొచ్చి, రెండు చుక్కలు పిండి ముంచాను. పసుపుపచ్చ, ఉండాల్సిన రంగే. బోరు నీళ్ల క్షారం నా నిమ్మచుక్కలను మింగేసేది. నది నీళ్లలో మింగడానికి ఏమీ లేదు. ఇన్నేళ్లు నా చేతిగుణం అనుకున్నది బోరు నీళ్ల గుణం.

సొరుగు తీసి బఫర్ డబ్బా సీలు చింపాను. కొమురయ్య రెండో స్లైడుకు రంగు వేశాను. ఆ పది నిమిషాలు కిటికీలోంచి వేపచెట్టు కింద అతని గొంగడి కదలడం చూస్తూ నిలబడ్డాను. స్లైడు పెట్టి చూస్తే వెతకాల్సిన పనే లేదు. కంటి గొట్టంలో కనబడే ప్రతి గడిలో ఉంగరాలు. ఒక్కో కణంలో రెండేసి. ఫాల్సిపారం, అంటే మెదడుకెక్కే రకం.

డాక్టరమ్మ గది దాకా ముప్పై అడుగులు. నా ఉద్యోగంలో అంత పొడుగు నడక లేదు.

"మేడం, కొమురయ్య రిపోర్టు తప్పు. ఫాల్సిపారం ఉంది. చాలా ఎక్కువ."

"తప్పు ఎవరు రాసిన్రు?"

అప్పుడే సునీత లోపలికి వచ్చింది. కొత్తపిల్ల, ఆమె మీద తోసినా ఎవరూ అనుమానించరు. ఆ ఆలోచన నాకు వచ్చింది. రాలేదని అబద్ధం రాయను.

"నేనే రాసిన," అన్నాను.

మేం బయటికి వచ్చేసరికి కొమురయ్య లచ్చమ్మను గుర్తుపట్టక, ఆమెను పట్టుకుని తన చెల్లెలి పేరుతో పిలుస్తున్నాడు. సూది మందు మొదలుపెట్టి అంబులెన్సులో నల్లగొండకు పంపారు. ఎక్కేముందు లచ్చమ్మ చేతిలో పాత కాగితం నేను అడిగి తీసుకున్నాను.

"తప్పు నాదమ్మా," అన్నాను. మా ఇంట్లో ఒక పనిమనిషితో గానీ, రైతుతో గానీ ఈ మాట ఎవరూ అని ఉండరు.

"గది మల్ల మాట్లాడుదాం, ముందు బండి పోనియ్యున్రి," అంది ఆమె.

పన్నెండు రోజులకు కొమురయ్య ఇంటికి వచ్చాడు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే రాకపోయేవాడని నల్లగొండ డాక్టరు మా డాక్టరమ్మకు చెప్పాడట.

రెండు పెట్టెలు

కొమురయ్య బతకడంతో నా పని అయిపోలేదు. కృష్ణ నీళ్లు వచ్చినప్పటి నుంచి నేను మలేరియా లేదని రాసిన ప్రతి స్లైడూ ఇప్పుడు అనుమానమే. పైనుంచి తనిఖీ కోసం వాటిని దాచే పద్ధతి ఉంది కాబట్టి రెండు పెట్టెలు బీరువాలో ఉన్నాయి. వాటి పాత రంగు తీసి మళ్లీ వేయాలని నేనే డాక్టరమ్మను అడిగాను. సునీత, నేను నాలుగు రోజులు కూర్చున్నాం. ఆమె రంగు వేసేది, నేను చూసేవాణ్ని, మళ్లీ ఆమె చూసేది. నిమ్మకాయ సంగతి మొదటిసారి ఒకరికి చెప్పాను. ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను.

"మంచి ఉపాయమే సార్," అంది. "ఆ నీళ్లకు."

మూడోరోజు సాయంత్రం ఒక స్లైడులో పురుగు దొరికింది. ప్రాణం తీసే రకం కాదు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే రకం. రిజిస్టరులో పేరు తిప్పన్న, రోడ్డు పనికి వచ్చిన కూలి, ఊరు మక్తల్ దగ్గర. ఇచ్చిన ఫోను పనిచేయలేదు. అక్కడి ఆరోగ్య కేంద్రానికి కబురు పంపితే సరిపోతుందని డాక్టరమ్మ అంది. కబురు పంపారు. అయినా ఆదివారం నేను బస్సెక్కాను. అతని రక్తం మళ్లీ తీయాల్సి వస్తుందని నాలుగు గాజుపలకలు, సూదులు సంచిలో వేసుకున్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు దొరికింది. తిప్పన్న అరుగు మీద పడుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. అక్కడి నర్సు ముందురోజే వచ్చి మాత్రలు మొదలుపెట్టిందట. నేను ఎవరో చెప్పాను. రెండు నెలల కింద అతని రక్తం చూసి ఏమీ లేదని రాసింది నేనేనని, నిజానికి మలేరియా ఉందని, అందుకే ఇన్నాళ్లు జ్వరం వచ్చిపోతోందని చెప్పాను.

అతను లేచి కూర్చున్నాడు. 

"సీజనంత పోయె గద సారూ," అన్నాడు. "మేస్త్రి ఇంకొకన్ని పెట్టుకునె. పనికి రాని బద్దకపోడని నా పెండ్లామే తిట్టవట్టె. నాకు సుత గట్లనే అనిపించె, నేనే బద్దకమైన్నేమో అని."

 నిలబడే ఉన్నాను. ఇంట్లోంచి అతని భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"గిది చెప్పనీకేనా ఇంత దూరం వచ్చింది?" అని అడిగింది.

"అవునమ్మా."

ఆమె మొగుడి మొహం చూసింది. అతను తల ఊపాడు. ఆమె లోపలికి పోయి ఆరేళ్ల పిల్లను చంకనేసుకుని వచ్చింది. పిల్ల కళ్లు జ్వరంతో మెరుస్తున్నాయి.

"నిన్నటి సంది దీనికి సుత ఒళ్లు కాలుతాంది," అంది. "మీ తాన సూది ఉన్నదా? జర చూస్తరా?"

నా తప్పు విని ఇంకా గడియ కాలేదు. వాళ్లు పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టారు. ఏళ్ల తరబడి ఎన్ని వేళ్లు పొడిచానో లెక్కలేదు. ఆ పిల్ల వేలును మాత్రం రెండుసార్లు తుడిచి గానీ పొడవలేదు. స్లైడు పూసి, ఆరబెట్టి, కాగితంలో చుట్టుకున్నాను. తిప్పన్న పక్కింటివాళ్ల ఫోను నంబరు రాయించాడు.

సోమవారం పొద్దున ఆ స్లైడును సునీత ముందు పెట్టాను.

"మీరే వేయున్రి సార్," అంది.

"నువ్వు వేయి. సంతకం కూడ నీదే."

ఆమె రంగు పోసింది, బఫర్ కలిపింది, కడిగింది, ఆరబెట్టింది. నూరు గడులు చూసింది. తరవాత నన్ను చూడమంది. ఏమీ లేదు. ఈసారి నిజంగానే లేదు.

ఫోను చేశాను. పక్కింటివాళ్లు తిప్పన్నను పిలిచారు.

"పిల్లకు మలేరియా లేదు తిప్పన్నా. ఉట్టి జరమే."



"మీరే చూసిన్రా సారూ?"

"నేనూ చూసిన," అన్నాను. "నాకన్న ముందు మా సునీత మేడం చూసింది."

"గట్లైతే మంచిది," అన్నాడు తిప్పన్న.